మధ్యవర్తి సంస్థలు పరిశ్రమలను నిజంగా కలుపుతున్నాయా, సమావేశాలే పెడుతున్నాయా?

పరికరాలపని
చిన్న ఇంజనీరింగ్ యూనిట్ నడుపుతున్నాను. హైడ్రాలిక్ యంత్రాల్లో వాడే భాగాలు చేస్తాం. మా ప్రాంతంలో పరిశ్రమలను, విశ్వవిద్యాలయాలను, ప్రభుత్వ శాఖలను ఒకచోట చేర్చి కొత్త ఆవిష్కరణలకు దారి వేస్తామని చెప్పే సంస్థ ఒకటి ఉంది. ఏటా సభ్యత్వ రుసుము కడుతున్నాను. బదులుగా వచ్చేవి ఆహ్వానాలు. వెళ్తే వేదిక మీద పెద్దలు మాట్లాడతారు, కింద మేం చప్పట్లు కొడతాం, ఆనక ఒకరి కార్డు ఒకరు తీసుకుని వచ్చేస్తాం. మందుల కంపెనీవాళ్లు, నేత మిల్లులవాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, నేను ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం. ఎవరి కష్టం ఏమిటో పక్కవాడికి తెలియదు. తెలిసేలా చెప్పించే మనిషి ఆ బల్ల దగ్గర ఉండడు.

ఇలాంటి సంస్థ చొరవతో వేరే పరిశ్రమవాళ్లతో కలిసి ఒక్క పనైనా పూర్తి చేసినవాళ్లు ఇక్కడ ఉన్నారా? ఉంటే ఆ సంస్థ సరిగ్గా ఏం చేసిందో చెప్పండి. "వేదిక కల్పించింది" అనే జవాబు మాత్రం వద్దు.

అడ్డగీత
పెళ్లిళ్ల పేరయ్యకు సంబంధం కుదిరితేనే సంభావన. వీళ్లకు పెళ్లిచూపులకే ముట్టిపోతోంది.

తూనికరాయి
అడ్డగీత సరదాగా అన్నా అసలు సంగతి అదే. ఏ సంస్థదైనా వార్షిక నివేదిక తెరిచి చూడండి. ఎన్ని కార్యక్రమాలు జరిగాయి, ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని అవగాహన ఒప్పందాల మీద సంతకాలు పడ్డాయి. సంతకాల తర్వాత ఏమైందో చెప్పే వరుస ఉండదు. హాజరును లెక్కపెడితే హాజరే పెరుగుతుంది. నన్నడిగితే ఆ డబ్బు నేరుగా చిన్న పరిశ్రమల చేతికిచ్చి, ఎవరితో పని చేయించుకోవాలో వాళ్లనే తేల్చుకోమనడం నయం.

చిత్తుప్రతి
ఇలాంటి సంస్థలోనే చాలాకాలం పనిచేసి బయటికి వచ్చాను కాబట్టి లోపలి నుంచి చూసింది చెబుతాను.

లెక్కల గురించి తూనికరాయి గారు అన్నది నిజం. నిధులిచ్చే శాఖ క్రమం తప్పకుండా ఒక పట్టిక అడుగుతుంది. అందులో సమావేశాలకు ఒక గడి ఉంటుంది. "ఒక ఫ్యాక్టరీ సమస్య అర్థం చేసుకోవడానికి పదేపదే వెళ్లాను" అని రాసుకోవడానికి గడి ఉండదు. గడి లేని పనికి సెలవు కూడా దొరకదు, ప్రయాణ ఖర్చు అసలే దొరకదు.

కానీ విలువంతా ఆ గడి లేని పనిలోనే ఉంది. సమస్య ఉన్నవాడు దాన్ని తనకు తోచిన పరిష్కారం రూపంలోనే చెబుతాడు. "మా భాగాలు అతికించిన చోట ఊడిపోతున్నాయి, ఇంతకంటే గట్టి జిగురు తయారుచేసేవాళ్లను చూపించండి" అంటాడు. లోపలికి వెళ్లి నిలబడి చూస్తే జిగురులో లోపం ఉండదు, అతికించే ముందు ఉపరితలాన్ని శుభ్రం చేసే దశలో ఉంటుంది. అప్పుడు అతనికి రసాయనాల కంపెనీతో పని లేదు. పూతలు వేసేవాళ్లతోనో, ప్లాస్మా అనే విద్యుదావేశం ఉన్న వాయువుతో ఉపరితలం సిద్ధం చేసేవాళ్లతోనో పని. వాళ్లు అతనికి తెలియని పరిశ్రమలో ఉంటారు. ప్రశ్నను అలా మళ్లించగలిగినవాడు మంచి మధ్యవర్తి. దానికి సభలు నిర్వహించే నేర్పు చాలదు, ఏదో ఒక పరిశ్రమలో చేతులకు మసి అంటించుకుని ఉండాలి.

తర్వాతి పని వెంటపడటం. పరిచయం చేశాక గోప్యతా ఒప్పందం న్యాయవాదుల దగ్గర ఇరుక్కుంటుంది. విశ్వవిద్యాలయంలో పరీక్షలు వస్తాయి. ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు తగులుతుంది. "ఎంతవరకు వచ్చింది?" అని ఫోను చేసే మనిషి లేకపోతే అంతటితో సరి. ఈ రెండు పనులూ వచ్చిన మనిషి సాధారణంగా తాత్కాలిక ఉద్యోగంలో ఉంటాడు. అతను వెళ్లిపోయాక సంస్థ దగ్గర ఫోను నంబర్ల జాబితా మిగులుతుంది.

పరికరాలపని
చిత్తుప్రతి గారూ, మా యూనిట్‌కు కూడా ఒకాయన వచ్చారు. యంత్రాల వైపు చూడలేదు. ఆఫీసు గదిలో కూర్చుని టర్నోవరు ఎంత, ఉద్యోగులు ఎందరు అని ఫారం నింపుకుని, ఒక ఫొటో తీసుకుని వెళ్లారు.

అడ్డగీత
ఫొటో మాత్రం వార్షిక నివేదికలో బాగా వచ్చి ఉంటుంది.

గాలిమర
నిరాశ అర్థమవుతోంది. అయినా వేరే పరిశ్రమలో సిద్ధంగా ఉన్న జవాబు మన పరిశ్రమలో ఎవరికీ తట్టకపోవడం నిజంగా జరుగుతుంది. మంచి ఉదాహరణ అలాస్కాది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికాక, చలిప్రాంతాల్లో ఇలాంటి చమురును ఎత్తిపోయడం ఎంత కష్టమో తెలిసొచ్చింది. నీటి మీద నుంచి సేకరించిన చమురు చలికి చిక్కబడి పంపులకు లొంగదు. ఒలికిన చమురును తొలగించడంపై పరిశోధన చేసే అక్కడి సంస్థ 2007లో ఈ సమస్యను ఇన్నోసెంటివ్ అనే సంస్థ ద్వారా బయటపెట్టింది. ఇన్నోసెంటివ్ 2001లో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ చొరవతో పుట్టింది. ఒకరి సమస్యను బయటివాళ్ల ముందు పెట్టి, పరిష్కరించినవారికి బహుమతి ఇప్పించడం దాని పని.

జవాబు చమురు రంగం నుంచి రాలేదు. కాంక్రీటు పోసేటప్పుడు అది పారి సర్దుకునేలా కదిలించే కంపన పరికరం ఉంటుంది కదా, దాన్ని కాస్త మార్చి చమురులో పెడితే పారుతుందని కాంక్రీటు పని చూసిన ఒక రసాయన శాస్త్రజ్ఞుడు చెప్పాడు. బహుమతి 20,000 డాలర్లు. పరికరం ఏళ్ల తరబడి బజారులో ఉన్నదే. చమురువాళ్లు ఆ బజారుకు వెళ్లరు, అంతే.

తూనికరాయి
గాలిమర గారూ, మంచి కథే. దీనికి ఎదురు కథ కూడా ఉంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ అయ్యాక బిడ్డను ఐసీయూకు అప్పగించేటప్పుడు పొరపాట్లు జరిగేవి. అలసిపోయి టీవీ ముందు కూర్చున్న ఇద్దరు డాక్టర్లు ఫార్ములా వన్ కారు పందెంలో చక్రాలు మార్చే బృందాన్ని చూశారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఆజ్ఞ ఇవ్వాలి అన్నది ఫెరారీ బృందాన్ని అడిగి నేర్చుకుని, అప్పగింత పద్ధతినే మార్చేశారు. 2007లో ప్రచురించిన ఫలితాల్లో పొరపాట్లు తగ్గాయి. అక్కడ మధ్యవర్తి సంస్థ ఏదీ లేదు. టీవీ ఉంది.

మరచుట్టు
అందరు డాక్టర్లూ టీవీ చూస్తారు. ఎంతమంది ఫెరారీకి ఫోను చేస్తారు? చేస్తే ఎంతమందికి ఫెరారీ జవాబిస్తుంది? అది పేరున్న ఆసుపత్రి. పరికరాలపని గారి యూనిట్ నుంచి ఫోను వెళ్తే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. పేరు లేనివాడికే మధ్యలో ఒక మనిషి కావాలి.

నూలుపోగు
మొదటి పోస్టులో అడిగిన ప్రశ్నకు సూటి జవాబు నా దగ్గర ఉంది. మాది సాంకేతిక వస్త్రాలు నేసే మిల్లు. కాళ్ల వాపులకు వాడే బిగుతు మేజోళ్లు తయారుచేయాలని ఆలోచన. సాగే నూలు మా దగ్గర ఉంది, నేత తెలుసు. ఆసుపత్రులవాళ్లతో మాత్రం ఎన్నడూ మాట్లాడి ఉండలేదు. మా ప్రాంతపు సంస్థలో ఒకావిడ ఉండేవారు, అంతకు ముందు వైద్య పరికరాల కంపెనీలో నాణ్యత విభాగంలో పనిచేశారు. ఆవిడ చేసిన మొదటి పని మమ్మల్ని ఆపడం.

చీలమండ దగ్గర ఎక్కువ ఒత్తిడి, పైకి వెళ్లేకొద్దీ తక్కువ ఉండాలి. ఆ తగ్గుదలను కొలిచి చూపాలి. వాడగా వాడగా, ఉతకగా ఉతకగా అది నిలవాలి. మా నమూనాలో ఒత్తిడి ఉంది గానీ కొలత లేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లి ఉంటే మొదటి సమావేశంలోనే తలుపు మూసుకుపోయేది. ఆవిడ ముందు పరీక్షా ప్రయోగశాలకు పంపారు. తర్వాత డాక్టర్ల దగ్గరికి పంపకుండా, రోజూ రోగులకు మేజోళ్లు తొడిగే నర్సుల దగ్గర కూర్చోబెట్టారు. తొడగడం కష్టంగా ఉంటే రోగి ఇంటికి వెళ్లాక వాడడని వాళ్లే చెప్పారు. మా ఆలోచన సగం అక్కడే మారింది. సరుకు ఇప్పుడు అమ్ముడవుతోంది. పెద్ద ఎత్తున కాదు, కానీ అమ్ముడవుతోంది.

ఆ సంస్థ పెట్టిన సభలకు మేం దాదాపు వెళ్లలేదు. ఆవిడ మాత్రం మా ఫోను ఎత్తేవారు.

తూనికరాయి
అంటే మీకు మేలు చేసింది ఆవిడ. సంస్థ కాదు.

నూలుపోగు
ఆవిడకు జీతమిచ్చి, మా దగ్గర రుసుము అడగకుండా అంతకాలం మాతో తిరగనిచ్చింది సంస్థే కదా. అదే సలహా బయట కొనాలంటే మా వల్ల అయ్యేది కాదు.

మరచుట్టు
ఇంతవరకు ఎవరూ ఎత్తని సంగతి ఒకటి ఉంది, భయం. పోటీదారు పక్కన కూర్చున్నప్పుడు తన లోపాన్ని ఎవడు బయటపెడతాడు? బల్ల దగ్గర అందరూ మౌనంగా ఉండటానికి సగం కారణం ఇదే.

సెమాటెక్ చరిత్ర చూడండి. 1987లో జపాన్ పోటీకి తట్టుకోలేక అమెరికాలో 14 చిప్ కంపెనీలు కలిసి పెట్టుకున్న సంస్థ. రక్షణ శాఖ పరిశోధన విభాగం దర్పా నుంచి ఏటా 10 కోట్ల డాలర్లు వచ్చేవి. ఇంటెల్ సహ వ్యవస్థాపకుడు రాబర్ట్ నాయిస్ దానికి అధిపతి. తయారీ పద్ధతులను కలిసి అభివృద్ధి చేద్దామన్నది మొదటి ఆలోచన. కుదరలేదు. ఎవరి రహస్యం వాళ్లు గుప్పిట్లోనే పెట్టుకున్నారు. అప్పుడు దారి మార్చి, చిప్పులు చేసే యంత్రాలను సరఫరా చేసేవాళ్లను బలపరచడం మీద పడ్డారు. యంత్రం బాగుపడితే పద్నాలుగు మందికీ లాభం, ఎవరి రహస్యమూ పోదు. సంస్థ నిలదొక్కుకుంది అక్కడే. 1996 తర్వాత ప్రభుత్వ సొమ్ము వద్దనుకునే స్థితికి వచ్చింది.

ఒకే పని చేసే పోటీదారులను ఒక గదిలో పెట్టడం కంటే, ఒకరి సరుకు ఒకరు కొనేవాళ్లను, లేదా ఒకరి దారికి ఒకరు ఎప్పుడూ అడ్డురానివాళ్లను కలపడం తేలిక. మధ్యవర్తికి ఈ ఎంపిక తెలియాలి.

గాలిమర
మరచుట్టు గారు చెప్పినదానికి మినహాయింపు బెల్జియంలోని చిప్ పరిశోధన సంస్థ ఐమెక్. 1984లో ల్యూవెన్‌లో మొదలైంది. అక్కడ పోటీ కంపెనీలు కూడా కలిసే పరిశోధన చేయిస్తాయి. ఏ ఫలితం అందరిది, ఏది ఒక్కరిది అన్నది పని మొదలుకాక ముందే ఒప్పందంలో తేలిపోతుంది. సరుకు బజారుకు రావడానికి చాలా ముందటి దశ పరిశోధన మాత్రమే ఉమ్మడిగా చేస్తారు. గీత ఎక్కడ గీయాలో తెలిస్తే శత్రువులూ కలుస్తారు.

ఉప్పునీరు
రసాయనాల కర్మాగారంలో వ్యర్థాల విభాగం నాది. మా రంగంలో పరిశ్రమలు కలవడమంటే ఒకరు పారేసేది ఇంకొకరికి ముడిసరుకు కావడం. అందరూ డెన్మార్క్‌లోని కాలుండ్‌బోర్గ్ పేరు చెబుతారు. 1972లో అక్కడి రిఫైనరీ వృథాగా మండించే వాయువును పక్కనున్న జిప్సం బోర్డుల ఫ్యాక్టరీకి ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత విద్యుత్ కేంద్రం ఆవిరి మందుల కర్మాగారానికి, ఆ కర్మాగారంలో మిగిలే మడ్డి పొలాలకు ఎరువుగా వెళ్లాయి. ఎవరూ ప్రణాళిక వేయలేదు. చిన్న ఊరు, మేనేజర్లందరికీ ముఖపరిచయం. ఎవరికి వాళ్లు లాభం చూసుకుని ఒక్కొక్క ఒప్పందం చేసుకున్నారు. దాని పేరుతో సంస్థ పుట్టింది 1996లో.

తూనికరాయి గారు ఇది చదివి సంతోషపడే లోపు రెండో సగం చెబుతాను. ముఖపరిచయాలు లేని పెద్ద ప్రాంతాల్లో అది దానంతట జరగలేదు. బ్రిటన్‌లో 2005లో దేశమంతటా ఒక కార్యక్రమం మొదలుపెట్టి, ప్రాంతానికి కొందరు నిపుణులను పెట్టారు. రకరకాల కంపెనీలను కూర్చోబెట్టి "మీ దగ్గర మిగిలేది ఏమిటి, మీకు కావలసింది ఏమిటి" అని కాగితం మీద రాయించేవారు. ఉపన్యాసాలు ఉండవు. కాగితాలు జతపడ్డాక నిపుణుడు వెంటపడతాడు. బిలింగ్‌హామ్‌లో ఎరువుల కర్మాగారం వదిలే ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ టమాటాలు పండించే గాజు ఇళ్లకు చేరాయి. ఎరువులవాడికి తోటల సంగతి, తోటవాడికి గ్యాసు గొట్టాల సంగతి తట్టి ఉండేవా? అనుమానమే.

అడ్డగీత
మా ఆఫీసులో ఇదే కాగితం ఇస్తే "మిగిలేది" గడిలో అందరూ సమావేశాలని రాస్తారు.

నిర్వాహకుడు
సమావేశాల మీద జోకులకు వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

తూనికరాయి
కథలకు ఎదురు కథలు చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది. లాటరీ తీసి పరీక్షించిన సందర్భాలు రెండు ఉన్నాయి, నేను నమ్మేది అలాంటివే.

మొదటిది నెదర్లాండ్స్‌లో, 2004. చిన్న కంపెనీలకు 7,500 యూరోల వోచర్. దానితో పరిశోధన సంస్థను ఏదైనా ప్రశ్న అడిగి జవాబు రాబట్టుకోవచ్చు. దరఖాస్తులు వెయ్యి దాటాయి, వోచర్లు 100. లాటరీ తీశారు కాబట్టి గెలిచినవాళ్లను ఓడినవాళ్లతో పోల్చే వీలు కలిగింది. పది వోచర్లలో ఎనిమిది, లేకపోతే జరిగి ఉండని పనులకే వెళ్లాయని తేలింది. నేను మొదట చెప్పింది ఇదే. డబ్బు చేతికిస్తే వాళ్లే వెతుక్కుంటారు.

రెండోది మన ప్రశ్నకు ఇంకా దగ్గరిది. 2009లో మాంచెస్టర్ ప్రాంతంలో నెస్టా అనే సంస్థ మామూలు చిన్న కంపెనీలకు 4,000 పౌండ్ల వోచర్లు 150 ఇచ్చింది. డిజైన్, వీడియో, వెబ్ పనులు చేసే సృజనాత్మక కంపెనీలతో కలిసి పనిచేయడానికే వాడాలి. ఇదీ లాటరీయే. ఆరు నెలలకు చూస్తే వోచర్ వచ్చినవాళ్లు కొత్త సరుకులు, కొత్త పద్ధతులు ఎక్కువ తెచ్చారు. ఏడాదికి చూస్తే తేడా గుర్తించలేనంతగా పోయింది. పరిశ్రమలు కలిశాయి, విడిపోయాయి.

చిత్తుప్రతి
ధన్యవాదాలు. మీ రెండో ఉదాహరణ నా పక్షాన సాక్ష్యం చెబుతోంది. డబ్బు రెండు కంపెనీలను కలిపింది. తర్వాత వెంట నిలబడే మనిషి లేడు, అందుకే ఏడాదికల్లా ఆరిపోయింది.

తూనికరాయి
అది మీ ఊహ. మధ్యలో మనిషిని పెట్టినా ఆరిపోయేదేమో. మనిషి ఉన్న గుంపు, లేని గుంపు అని విడదీసి ఆ పరీక్ష చేయలేదు కదా.

చిత్తుప్రతి
నిరూపణ కాదు, ఒప్పుకుంటాను. పనిచేసినవాడి అంచనా.

నూలుపోగు
నాకు ఇంకో సందేహం. ఏడాదికి తేడా కనిపించకపోతే అది విఫలమైనట్టేనా? మా మేజోళ్ల పని మొదటి ఏడాదిలో చూసి ఉంటే పరీక్షల ఖర్చు తప్ప ఏమీ కనిపించదు. వస్త్రం, వైద్యం లాంటి రెండు రంగాలు కలిసినప్పుడు ఫలితం ఆరు నెలలకు వస్తే అదే అనుమానించాల్సిన విషయం.

మరచుట్టు
కాలం సంగతి వచ్చింది కాబట్టి తైవాన్. అక్కడ ఐటీఆర్ఐ అనే పారిశ్రామిక సాంకేతిక పరిశోధన సంస్థ 1973లో పెట్టారు. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్ తయారీ పరిజ్ఞానం కొని, ఇంజనీర్లను అక్కడికి పంపి నేర్పించారు. 1980లో యూఎంసీ, 1987లో టీఎస్ఎంసీ అనే చిప్ కంపెనీలు దాని ఒడిలోంచే బయటికి వచ్చాయి. 1973కీ 1987కీ మధ్య ఎన్ని వార్షిక నివేదికలు రాసి ఉంటారో! ఏడాదికోసారి "ఏం సాధించారు" అని గొంతు మీద కూర్చుని ఉంటే టీఎస్ఎంసీ పుట్టేదా?

గాలిమర
తైవాన్ ఉదాహరణను అందరూ వాడతారు, కానీ అది వట్టి మధ్యవర్తి కాదు. సొంత ప్రయోగశాలలు, సొంత ఇంజనీర్లు, వెనుక రాజ్యం పట్టుదల. పరిచయాలు చేసే చిన్న ఆఫీసుకు దాన్ని పోలిక తెస్తే రెంటికీ అన్యాయం.

జర్మనీలో పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధన చేసే ఫ్రౌన్‌హోఫర్ సంస్థల నిధుల పద్ధతి ఎక్కువ పనికొచ్చే పాఠం. 1949లో మొదలైన సంస్థ. 1970ల నుంచి పాటిస్తున్న సూత్రం స్థూలంగా ఇది: మూడో వంతు ప్రభుత్వం ఇచ్చే స్థిర నిధి, మూడో వంతు పోటీ పడి గెలుచుకునే ప్రభుత్వ ప్రాజెక్టులు, మూడో వంతు కంపెనీలు డబ్బిచ్చి చేయించుకునే పని. కంపెనీల నుంచి వచ్చేది పడిపోతే స్థిర నిధికీ దెబ్బ. కాబట్టి గుమ్మం బయటికి వెళ్లి ఫ్యాక్టరీ గోడు వినక తప్పదు. స్థిర నిధి ఉంది కాబట్టి ఈ ఏడాది కొనేవాడు లేని పని మీద కూడా మనుషులను నిలుపుకోవచ్చు. ఎంపీ3 మీద ఎర్లాంగెన్‌లోని వాళ్ల సంస్థ ఏళ్ల తరబడి పనిచేయగలిగింది.

పరిశోధనను పరిశ్రమలకు చేర్చడానికి బ్రిటన్ 2011 నుంచి పెట్టిన కాటపల్ట్ కేంద్రాలకూ ఇదే మూడు వంతుల లెక్క ఆదర్శం.

తూనికరాయి
ఇది నాకు నచ్చింది. డబ్బిచ్చేవాడు వెళ్లిపోగలిగితే సంస్థ వినడం నేర్చుకుంటుంది. కానీ పూర్తిగా కంపెనీల సొమ్ము మీద బతికితే? పెద్ద కంపెనీల పనే చేస్తుంది. పరికరాలపని గారి లాంటివాళ్లు వరుసలో చివర.

రెండోవరుస
మధ్యలో వస్తున్నాను. మా ప్రాంతంలో పేరున్న విశ్వవిద్యాలయం లేదు, పెద్ద కంపెనీ లేదు. మీరు చెప్పే ఊళ్లన్నీ ఏదో ఒకటి ముందే ఉన్నవి. అలాంటిచోట ఈ సంస్థల వల్ల ఉపయోగం ఉందా?

గాలిమర
రెండోవరుస గారిది మంచి ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌ను ఎప్పుడూ విజయగాథగా చెబుతారు. 1990ల ఆరంభంలో ఫిలిప్స్ వేల ఉద్యోగాలు తీసేసింది, 1993లో డాఫ్ ట్రక్కుల కంపెనీ దివాలా తీసింది. మేయరు, విశ్వవిద్యాలయం అధిపతి, వర్తక సంఘం అధ్యక్షుడు కలిసి కూర్చున్నారు. ఇప్పుడు బ్రెయిన్‌పోర్ట్ అంటున్న సంస్థకు మూలం ఆ కూర్చోవడమే. నిజమే, కానీ ఫిలిప్స్ వదిలేసిన ఇంజనీర్లు, సరఫరా కంపెనీలు అప్పటికే అక్కడ ఉన్నారు. చిప్పులు చేసే యంత్రాల కంపెనీ ఏఎస్ఎంఎల్ 1984లోనే పుట్టింది. ఉన్నవాటిని కలపడమే జరిగింది. శూన్యంలోంచి ఏ సంస్థా ప్రాంతాన్ని నిర్మించలేదు.

మరచుట్టు
రెండోవరుస గారూ, అంత దిగులు అక్కర్లేదు. జపాన్‌లో ప్రిఫెక్చర్ అనే ప్రతి పాలనా విభాగంలోనూ కోసెత్సుషి అనే ప్రభుత్వ పరీక్షా కేంద్రాలు ఉన్నాయి. మహా పరిశోధనలేమీ కాదు. చిన్న కంపెనీ కొనలేని కొలత యంత్రం అక్కడ ఉంటుంది, వాడుకోవచ్చు, పక్కన సలహా చెప్పే ఇంజనీరు ఉంటాడు. ముక్క పట్టుకుని వెళ్తే ఎందుకు విరిగిందో చూసిపెడతారు. జర్మనీలో స్టైన్‌బైస్ అనే సంస్థ పద్ధతి వేరు. మధ్యలో చిన్న కార్యాలయం, చుట్టూ వృత్తివిద్యా కళాశాలల ప్రొఫెసర్లు నడిపే కేంద్రాలు. ఎవరి ఖర్చు వాళ్లే సంపాదించుకోవాలి. 1983 తర్వాత యోహాన్ లోన్ నాయకత్వంలో బాగా విస్తరించింది. పేరు మోసిన విశ్వవిద్యాలయమే కావాలని లేదు. ఫ్యాక్టరీ ప్రశ్న విసుక్కోకుండా వినే మాస్టారు చాలు.

ఉప్పునీరు
పరీక్షా కేంద్రంతో ఇంకో లాభం, అక్కడికి అన్ని పరిశ్రమలవాళ్లూ వస్తారు. ఒకే యంత్రం ముందు వరుసలో నిలబడి ఒకరి ముక్క ఒకరు చూస్తారు. బల్ల చుట్టూ కార్డులు మార్చుకోవడం కంటే మాట త్వరగా కలుస్తుంది.

చిత్తుప్రతి
లోపలివాడిగా ఇంకో జబ్బు గురించి చెప్పాలి. నిధులు తగ్గినప్పుడు మధ్యవర్తి సంస్థే ప్రాజెక్టులకు దరఖాస్తు పెడుతుంది. సభ్యులతో పోటీ పడుతుంది, లేదా ప్రతి ప్రాజెక్టులో సమన్వయకర్తగా తన వాటా కోసుకుంటుంది. ఆ రోజు నుంచి సభ్యులు తమ ఆలోచనలు దానికి చెప్పడం మానేస్తారు. ఎవరి పక్షమూ కానివాడని నమ్మకం ఉన్నంతకాలమే ఆ కుర్చీకి విలువ.

అడ్డగీత
అంటే సంబంధం చూడటానికి వచ్చి తానే పెళ్లికొడుకు అవుతున్నాడు.

పరికరాలపని
చాలా సంగతులు తెలిశాయి. ఇప్పుడు నా అసలు సమస్య ఇక్కడే పెడతాను, మీరు ఏ పరిశ్రమవైపు చూపిస్తారో చూద్దాం.

మా భాగాల లోపల సన్నని రంధ్రాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటూ పోతాయి. మరపని అయ్యాక ఆ మలుపుల్లో లోహపు పొట్టు, కటింగ్ నూనె కొంచెం మిగులుతాయి. కడుగుతాం. పోయిందో లేదో చూపించే నమ్మకమైన దారి కావాలి. కొన్ని ముక్కలను కోసి చూస్తాం, కోసిన ముక్క ఎలాగూ అమ్మలేం. కోయనివాటికి నేను హామీ ఎలా ఇవ్వాలి?

నూలుపోగు
ఆసుపత్రులవాళ్లతో తిరిగినందువల్ల వెంటనే తట్టింది. ఎండోస్కోపులు శుభ్రం చేసేవాళ్లకు ఇదే తలనొప్పి. పొడవాటి సన్నని గొట్టం, లోపల మురికి మిగిలితే రోగికి ప్రమాదం. బ్రష్‌తో తోమి, ఒత్తిడితో నీళ్లు పంపి, ఆరబెట్టి, ఆపైన సన్నని కెమెరా లోపలికి పోనిచ్చి చూస్తారు. మిగిలిన మురికిని రసాయనంతో పరీక్షించే పద్ధతులూ ఉన్నాయి. ఆరబెట్టడం దగ్గర వాళ్లకు చాలా పట్టింపు.

మరచుట్టు
కెమెరా మాట బాగుంది కానీ రసాయన పరీక్ష ఇక్కడ పనికిరాదు. అది ప్రోటీన్ లాంటి జీవపదార్థాన్ని పట్టుకుంటుంది. లోహపు పొట్టుకు వేరే దారి ఉంది. వాహన పరిశ్రమలో ఐఎస్ఓ 16232 ప్రమాణం ఉంది. భాగం లోపలికి ద్రవం పంపి, బయటికి వచ్చినదాన్ని వడపోసి, వడకాగితం మీద పడ్డ కణాల పరిమాణం, సంఖ్య చూస్తారు. ముక్కను కోయాల్సిన అవసరం లేదు. అయితే మలుపులో ఇరుక్కుని బయటికి రాని పొట్టు సంగతి అది చెప్పలేదు. అక్కడ కెమెరా కావాల్సిందే.

పరికరాలపని
వడపోత సంగతి విన్నాను, ఆచరణలో చూడలేదు. సన్నని కెమెరా మా రంధ్రం వ్యాసంలో పడుతుందా అన్నది చూడాలి. నూలుపోగు గారూ, ఆ ఎండోస్కోపులవాళ్లలో ఎవరితోనైనా మాట్లాడించగలరా?

నూలుపోగు
ఆసుపత్రి స్టెరిలైజేషన్ విభాగంలో పర్యవేక్షకురాలు ఒకరు తెలుసు. మీ భాగం పేరు చెప్పి అడిగితే ఆమెకు ఏమీ అర్థం కాదు. గొట్టం ఎంత సన్నం, ఎన్ని మలుపులు, లోపల మిగిలేది ఏమిటి, ఎంత మిగిలితే తప్పు అని ఒక పేజీలో రాసివ్వండి. చూపిస్తాను.

తూనికరాయి
ఆమెను వేరే పనికి లాగుతున్నారు కాబట్టి సమయానికి డబ్బు ఇస్తామని ముందే చెప్పండి. ఉచిత సలహాకు రెండోసారి ఎవరూ ఫోను ఎత్తరు.

అడ్డగీత
సభ్యత్వ రుసుము ఇప్పుడు నూలుపోగు గారికి కట్టాలా?

నిర్వాహకుడు
రుసుముల లావాదేవీలు ఇక్కడ పెట్టకండి. వ్యక్తిగత సందేశాలు వాడండి.

చిత్తుప్రతి
పరికరాలపని గారూ, ఆ పేజీ పంపే ముందు మీ కొనుగోలుదారుతో ఉన్న గోప్యతా ఒప్పందం ఒకసారి తీసి చదవండి. బొమ్మ పెట్టకండి. భాగం ఎవరిదో పట్టించే కొలత ఏదైనా ఉంటే "ఇంత నుంచి ఇంత వరకు" అని రాయండి. ఆమెకు అది చాలు. వ్యాసం మాత్రం దాచకండి, అది లేకపోతే ఏ కెమెరా పడుతుందో ఎవరూ చెప్పలేరు.

పరికరాలపని
వ్యాసం ఇస్తాను. మలుపుల కోణాలు కొనుగోలుదారును అడిగి చెబుతాను. ఒప్పుకుంటారని నమ్మకం లేదు.